కురిసిన బండి, మేడారం దాకా: మా క్యాంపర్ వ్యాన్ డైరీ

2023 జులై 30, ఆదివారం

పది రోజుల తర్వాత ఇవాళ బండి తలుపు తీశాను. ముందు వాసన తగిలింది. తడిసిన బొంతను మూటకట్టి మూలకు పడేస్తే వచ్చే వాసన అది. లైటు స్విచ్ వేస్తే వెలగలేదు. ఫోన్ టార్చి పట్టుకుని చూస్తే మంచం మీది పరుపు సగం దాకా నానిపోయింది. పైకప్పు లోపలి ప్లైవుడ్ ఉబ్బి కిందికి దిగింది. బండి కురిసింది.

ఈ వారం హనుమకొండలో ఎవరింట్లో చూసినా నీళ్ల ముచ్చటే. 27వ తేదీ ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో అంతకుముందు అంత వాన లెక్కకెక్కలేదు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే మునిగితే జనం మిద్దెలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. వాళ్ల కష్టం ముందు నా పరుపు తడవడం ఎంత! అయినా మనసు చివుక్కుమంది. ఈ బండి మీద మా అమ్మ పెట్టుకున్న ఆశ వేరు.

బండి గురించి రెండు మాటలు. 2018 మోడల్ ట్రావెలర్ వ్యాన్. హైదరాబాద్‌లో ఒకాయన క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని వండుకునేలా కట్టించుకుని వాడుకున్నది. రెండేళ్ల కింద మేం కొన్నాం. ఆర్‌సీలో మోటార్ క్యారవాన్ అనే రాసి ఉంది. కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది అదే. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం బండి అసలు రూపాన్ని మన ఇష్టానికి మార్చుకోవడానికి లేదు. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అని వేరే ప్రమాణమే ఉంది.

వచ్చే ఫిబ్రవరిలో మేడారం జాతర. అమ్మకు మోకాళ్ల నొప్పులు. గుడారంలో నేల మీద పడుకుని లేవలేదు. పోయినసారి జాతరకు ఇంట్లోనే ఉండిపోయింది. ఈసారి తీసుకెళ్తానని మాటిచ్చాను. బాపు వచ్చి తడిసిన పరుపు మీద చెయ్యి వేసి చూసి, "ఇంకా ఆరు నెలలున్నది బిడ్డా, పట్టు వట్టి చెయ్" అన్నాడు. ఆ ఆరు నెలల పనే ఈ డైరీ.

2023 ఆగస్టు 5, శనివారం

కురిసే చోటు పట్టుకోవడానికే ఒక రోజు పట్టింది. చుక్క పడ్డ చోట పైన రంధ్రం ఉంటుందనుకుంటే పొరపాటు. నీళ్లు రేకు లోపలి పక్కటెముకల వెంబడి మూడు, నాలుగు అడుగులు పాకి, ఎక్కడ వాలు దొరికితే అక్కడ దిగుతాయి. డాబా ఇల్లు కురిసినా ఇదే కథ.

తమ్ముడిని టార్చి, సుద్దముక్క ఇచ్చి లోపల కూర్చోబెట్టాను. నేను నిచ్చెన మీద నీళ్ల పైపుతో. పద్ధతి ఏమిటంటే, కింది నుంచి పైకి పోవాలి. ముందు కిటికీల అడుగు అంచు, తర్వాత కిటికీల పై అంచు, ఆ తర్వాత పక్క అతుకులు, ఆఖరున పైకప్పు. ఒక్కో చోట కదలకుండా పది నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు జారి అన్నిటినీ తడుపుతాయి, ఏది కారిందో తేలదు. కిటికీలు నాలుగూ బాగున్నాయి. పైకప్పు ఫ్యాను చట్రం వెనక అంచు దగ్గర ఆరో నిమిషానికి లోపల్నుంచి "వచ్చిందన్నా!" అని కేక. సోలార్ ప్యానెల్ కాళ్లు బిగించిన స్క్రూల దగ్గర ఇంకో చోటు.

సాయంత్రం రెండో పరీక్ష చేశాం. తలుపులు, కిటికీలు మూసి, మిగతా సందులకు టేపు వేసి, పైకప్పు ఫ్యానును తిరగేసి తిప్పి గాలి లోపలికి నెట్టాం. లోపల గాలి ఒత్తిడి కొంచెం పెరిగితే చాలు. పైన సబ్బు నీళ్లు చల్లితే రంధ్రమున్న చోట బుడగలు లేస్తాయి. పంచర్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచి చూసినట్టే. పైపు నీళ్లకు దొరకని మూడో చోటు దీనికి దొరికింది. సోలార్ తీగ లోపలికి దిగే చోట దాన్ని బిగించి పట్టే గ్లాండ్ పక్కన నువ్వుగింజంత సందు. దాని గుండా తీగ వెంబడి దిగిన నీళ్లే ఫ్యూజు బాక్సులోకి చేరాయి. లైటు ఎందుకు వెలగలేదో అర్థమైంది.

2023 ఆగస్టు 13, ఆదివారం

ఫ్యాను, ప్యానెల్ కాళ్లు రెండూ ఊడదీశాను. కింద మూడు పొరల సిలికాన్. కారినప్పుడల్లా పాతదాని మీద కొత్తది పూశారు, అంతే. సిలికాన్ మీద ఏదీ అతకదు, సిలికాన్ కూడా అతకదు. పై పొర అందంగా కనిపిస్తుంది, కింది అంచున గోరు పెడితే పొట్టులా లేస్తుంది. ఆ సందులోనే నీళ్లు నిలుస్తాయి, ఎండకు ఆరే వీలు లేక రేకును తింటాయి. ఈ పని చేసిన చేతులెవరివో నాకు తెలియదు. కానీ పాతది గీకకుండా పైన పూసే ప్రతి మేస్త్రీకీ ఈ రేకు చూపించాలనిపించింది.

గీకడానికి ఇనుప బ్లేడు వాడలేదు. పాత ఏటీఎం కార్డులు, ప్లాస్టిక్ స్క్రేపర్లు వాడాను. ఇనుప బ్లేడు రంగును చీరుతుంది, చీరిన చోట రేపు తుప్పు మొదలవుతుంది. మిగిలిన జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నాలుగుసార్లు తుడిచాను. గుడ్డ రేకు మీద జారకుండా పట్టుకుంటే సిలికాన్ పోయినట్టు.

స్క్రూ రంధ్రాల చుట్టూ రూపాయి బిళ్ల వెడల్పున తుప్పు. అదృష్టం, రేకు తూట్లు పడలేదు. వైరు బ్రష్షుతో మెరుపు వచ్చేదాకా రుద్ది, తుప్పును గట్టి పొరగా మార్చే కన్వర్టర్ పూసి, ఒక రోజు ఆగి ప్రైమర్, ఆ పైన రంగు.

లోపల ఇంకా ఘోరం. ఉబ్బిన ప్లైవుడ్ తీస్తే దాని వెనక వేడి రాకుండా నింపిన గాజు ఊలు నీళ్లు పీల్చుకుని ముద్దయి వేలాడుతోంది. పిండితే కారింది. మూడు గోనె సంచులు బయటికి మోశాం. చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు లేకుండా ఆ ఊలు ముట్టుకోవద్దు, రెండు రోజులు దురద వదలదు.

ఇవాళే మూసేద్దామని నాకు ఆత్రం. బాపు ఒప్పుకోలేదు. "తడి ఆరకముందే సున్నమేస్తే గోడ పొక్కుతది. ఆగు" అన్నాడు. బాపు మాటే నిజం. రెండు వారాలు తలుపులు తెరిచి, టేబుల్ ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. వాన వచ్చినప్పుడల్లా పైన టార్పాలిన్.

2023 ఆగస్టు 27, ఆదివారం

ఇవాళ మూశాం. పొద్దున ఆరున్నరకే మొదలుపెట్టాను, రేకు వేడెక్కితే సందులు మూసే సీలెంట్ పైన తొందరగా తోలు కడుతుంది, సాపు చేసే సమయం దొరకదు.

చట్రం అంచు కింద బ్యుటైల్ టేపు. ఇది ఎప్పటికీ గట్టిపడదు, గారెల పిండి ముద్దలా మెత్తగానే ఉంటుంది. ఎండకు రేకు సాగినా, రాత్రికి ముడుచుకున్నా దానితో పాటే కదులుతుంది. స్క్రూలు ఒక్కసారే బిగించలేదు. ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించి, గంట ఆగి, టేపు అంచుల్లోంచి పిసికినట్టు బయటికొచ్చాక మళ్లీ బిగించాను. ప్రతి స్క్రూ తల మీద, అంచు చుట్టూ పాలీయురెథేన్ సీలెంట్. దీని మీద రంగు వేసుకోవచ్చు, ఎప్పుడైనా పగిలితే దాని మీదే మళ్లీ అదే పూసుకోవచ్చు. వరంగల్‌లో లారీ క్యాబిన్లు కట్టేవాళ్ల దగ్గర, బస్సు అద్దాలు బిగించేవాళ్ల దగ్గర దొరుకుతుంది. హార్డ్‌వేర్ షాపులో బాత్రూమ్ సిలికాన్ ఇచ్చి "ఇదీ అదే" అంటారు. అది ఇది కాదు.

తీగ దిగే చోట గ్లాండ్ మార్చి, తీగను లోపలికి దిగేముందు కిందికి ఒక వంపు తిప్పాను. నీటి చుక్క తీగ వెంబడి వచ్చినా ఆ వంపు అడుగున రాలిపోతుంది.

2023 సెప్టెంబర్ 10, ఆదివారం

ఈ వారం మూడు రోజులు వాన. ఫ్యాను చట్రం చుట్టూ, ప్యానెల్ కాళ్ల కింద కాగితపు నాప్కిన్లు అతికించి పెట్టాను. అన్నీ పొడిగా ఉన్నాయి. తమ్ముడు ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపాడు.

2023 సెప్టెంబర్ 24, ఆదివారం

కొత్త ప్లైవుడ్ వేశాం. ఈసారి ఐఎస్ 710 ముద్ర చూసి తెచ్చాను, మరిగే నీళ్లలో ఉడికించినా పొరలు విడనిది. తీసేసిన దాని మీద ఎంఆర్ అని ఉంది. అది తేమను కొంత ఆపుతుందేగానీ నీటిని ఆపదు. ఇంట్లో బీరువాలకు చాలు, బండికి చాలదు. ఫ్యాను పక్కన అరచేయంత మూత ఒకటి స్క్రూలు విప్పితే వచ్చేలా వదిలాను. లోపల తడి ఉందా లేదా చూసుకోవడానికి మొత్తం కప్పు విప్పే పని ఉండకూడదు.

ఎలుక కూడా ఒకటి కాపురం పెట్టింది. సింకు కింద ఒక తీగ కొరికింది. తీగలన్నీ ముడతల గొట్టంలో దూర్చి, నేలలో గొట్టాలు దిగే సందులన్నీ స్టీలు పీచుతో మూశాను.

2023 అక్టోబర్ 8, ఆదివారం

బ్యాటరీ. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది బండ్లు ఇక్కడే చస్తాయి.

లోపలి కరెంటుకు 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండేది. రాత్రంతా ఏమీ వాడకుండా ఉంచి పొద్దున చూస్తే 12.3 వోల్టులు. బాగున్న బ్యాటరీ అయితే 12.6 దాటాలి. లోడు వేయగానే 11 కిందికి జారింది. యాసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటర్ పెట్టి ఆరు గదులూ చూశాను. ఐదింటిలో 1.230 చుట్టూ ఉంది, ఒకదాంట్లో 1.150. రెండు రోజులు నిదానంగా ఛార్జి చేసినా ఆ ఒక్కటి లేవలేదు.

ఎందుకు పోయింది? క్లాంప్ మీటర్ పెట్టి అన్ని స్విచ్‌లూ ఆపేసి చూశాను. అయినా 0.8 ఆంపియర్లు పారుతోంది. ఇన్వర్టర్ ఖాళీగా ఉన్నా తాగుతుంది, గ్యాస్ అలారం తాగుతుంది, సోలార్ కంట్రోలర్ తెర తాగుతుంది. 0.8 ని 24తో గుణిస్తే రోజుకు 19 ఆంపియర్ అవర్లు. నాలుగు రోజుల్లో బ్యాటరీ సగం ఖాళీ. జులై వానల్లో పది రోజులు ఎండ మొహం లేదు, అడుగంటిపోయింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అడుగంటి అలాగే ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, మళ్లీ కరగదు. అంటే బ్యాటరీ వాడకం వల్ల పోలేదు, వాడకపోవడం వల్ల పోయింది. పైకప్పు, బ్యాటరీ, రేపు బ్రేకుల్లో ఏం చూస్తానో గానీ, అన్నిటికీ ఒకే కారణం కనిపిస్తోంది. తిరిగే బండిని మనం రోజూ చూస్తాం. ఆగిన బండిని చూడం.

బాగా ఆలోచించి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారాను. 12.8 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు, అంటే 1,280 వాట్ అవర్లు. అందులో 80 శాతం ధైర్యంగా వాడుకోవచ్చు. ట్యూబులర్‌లో సగం దాటితే దాని ఆయుష్షు తిన్నట్టే. కాబట్టి అంకె చిన్నదైనా చేతికందేది ఎక్కువ. బరువు సంగతి అయితే చెప్పక్కర్లేదు. పాతది దించడానికి ఇద్దరం పట్టాం, 50 కిలోలు దాటింది. కొత్తది 12 కిలోలు, మా పాప కూడా జరిపింది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి దీన్ని నేరుగా ఛార్జి చేయకూడదు. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాలిపోతుంది. మధ్యలో కరెంటును హద్దులో ఉంచే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టించాను. రెండోది మన ఎండలు. ఈ సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయవద్దని తయారీదార్లే రాస్తారు. వరంగల్‌లో మే నెలలో బయటే 44, 45. మూసిన బండి లోపల ఇంకా ఎక్కువ. అందుకే బ్యాటరీని ఇంజిన్ వైపు కాకుండా మంచం కింద, గాలి ఆడే చోటికి మార్చాను. వేసవిలో బండి చింతచెట్టు కిందే ఉండాలి.

బ్యాటరీ పక్కనే మెయిన్ స్విచ్. బండి ఆపినప్పుడు అది తిప్పితే ఒక్క మిల్లీ ఆంపియర్ కూడా పారదు.

2023 అక్టోబర్ 29, ఆదివారం

సద్దుల బతుకమ్మ, దసరా హడావుడిలో రెండు వారాలు బండి ముట్టుకోలేదు. ఇవాళ నీళ్ల ట్యాంకు.

100 లీటర్ల ట్యాంకు నిండా మంచినీళ్లు పోసి, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 100 మిల్లీలీటర్లు కలిపాను. అంటే లీటరుకు ఒక మిల్లీలీటరు, క్లోరిన్ 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50 పాళ్లు). ప్రతి కుళాయి తిప్పి, బ్లీచింగ్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయాలి, లేకపోతే పైపుల్లోని పాచి అలాగే ఉంటుంది. నాలుగు గంటలు ఉంచి, వాసన పోయేదాకా మూడుసార్లు కడిగాను. బోరు నీళ్ల సున్నపు పొర పోవడానికి వెనిగర్ వేరే రోజు వాడాలి. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది, ఆ రెండూ ఒకే రోజు చేతికి తీసుకోవద్దు.

పంపు ముందు జల్లెడ తీస్తే చెంచాడు ఇసుక. అందుకే పంపు మూలుగుతోంది ఇన్నాళ్లూ.

2023 నవంబర్ 19, ఆదివారం

ఎన్నికల ప్రచారం జోరులో ఉంది. బండ్లకు, డ్రైవర్లకు, మెకానిక్‌లకు అందరికీ తీరిక లేదు. బ్రేకుల పని వచ్చే నెలకు వాయిదా పడింది. ఈలోగా నేనే చేసుకోగలిగింది గ్యాస్ చూడటం.

మాది 5 కిలోల చిన్న సిలిండర్. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, కారితే పైకి పోదు, నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ అరలో అడుగున బయటికి ఒక రంధ్రం ఉండాలి. మా బండికి ఉంది. కానీ ఇవాళ కింద పడుకుని చూస్తే, కందిరీగ ఆ రంధ్రంలో మట్టి గూడు కట్టి పూర్తిగా మూసేసింది. నాకు ఒళ్లు చల్లబడింది. రెండుసార్లు ఈ బండిలో పాపను పడుకోబెట్టుకుని రాత్రంతా గడిపాం. పుల్లతో గూడు పొడిచి తీసి, లోపల సన్నని స్టీలు జాలీ బిగించాను. ఇది చదివేవాళ్లు ఎవరైనా సరే, రేపు పొద్దున ముందు ఈ రంధ్రం చూడండి.

రబ్బరు పైపు మీద అచ్చువేసిన సంవత్సరం చూశాను, ఐదేళ్లు దాటింది. మార్చేశాను. సిలిండర్ మెడ దగ్గరి పట్టీల లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబర్, డి అంటే ఆఖరి మూడు నెలలు. అంకెలు సంవత్సరం. సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ఆ గడువు దాటిన సిలిండర్ ఇస్తే తీసుకోవద్దు. అన్ని బిగింపుల మీదా సబ్బు నురుగు పూసి చూశాను. బుడగ లేదు.

2023 డిసెంబర్ 10, ఆదివారం

ఆటోనగర్‌లో రెండు రోజులు. బాపు కూడా వచ్చాడు.

జులైలో బండి ఆపినప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచాను. అది నా తప్పు. తేమకు వెనక డ్రమ్ముల్లో తుప్పు పట్టి, బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుపోయాయి. ముందుకూ వెనక్కూ ఊపితే "టక్" మని విడింది గానీ, డ్రమ్ము విప్పాక చూస్తే లైనింగ్ అంచు పెళుసెక్కి ఊడి ఉంది. రెండు వైపులా షూలు మార్చాం. ఇక మీద ఆపితే గేరులో ఉంచి, చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించేయడమే.

బ్రేకు ఆయిల్ టీ డికాక్షన్ రంగులోకి తిరిగింది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉంటే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. జాతర తొవ్వలో గంటల తరబడి తొక్కుతూ, వదులుతూ పోయే బండికి అది ప్రాణాల మీది విషయం. పూర్తిగా మార్చి, గాలి తీయించాను.

టైర్ల బటన్లు చూస్తే ఇంకా రెండేళ్లు తిరగొచ్చు అనిపిస్తుంది. కానీ పక్కన డాట్ అక్షరాల వరుస ఆఖరున 1418 అని ఉంది. 2018లో 14వ వారం తయారీ. ఐదున్నరేళ్లు దాటింది, రిమ్ము దగ్గర సన్నని పగుళ్లు. తిరగని టైరుకు ఎండే శత్రువు. మెకానిక్ అన్న "నడుస్తయి సార్" అన్నాడు. ఆయన చెడ్డగా చెప్పలేదు, చుట్టుపక్కల ఊళ్లకైతే నడుస్తాయేమో. అమ్మను, పాపను ఎక్కించుకుని అడవి దారిన పోయే బండికి నేను ఒప్పుకోలేదు. స్టెప్నీతో సహా మార్చాను.

ఆఖరున గ్రీజు. కమాన్ కట్టల పిన్నులకు, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసులకు గ్రీజు గన్ పెట్టాం. పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి, దాని వెనక కొత్తది కనిపించేదాకా కొట్టాలి. బాపు గన్ అడిగి తీసుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని గ్రీజు ఎక్కించే ఒక్కో నిపుల్‌ను గుడ్డతో తుడిచి మరీ కొట్టాడు. అప్పుడు చెప్పాడు తాత బండి సంగతి. పరకాల దగ్గరి మా ఊరి నుంచి మేడారానికి ఎడ్లబండి మీద మూడు రోజుల ప్రయాణం. జాతరకు నెల ముందే తాత బండిని వడ్ల ఆయన (వడ్రంగి) దగ్గరికి తోలేవాడట. చక్రాల ఆకులు వదులయ్యాయా, ఇనుప పట్టా బిగువుగా ఉందా చూసేవాడు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంతో నూరి కందెన చేసి, వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవాళ్లు. ప్రతి మజిలీలో ఎడ్లకు నీళ్లు తాపిన వెంటనే ఇరుసుకు కందెన. "ఇరుసు కూసిందంటే మా నాయిన మొహం మాడేది. మంది ఇంటే సిగ్గని కాదు, అది దాని నొప్పి అని" అన్నాడు బాపు. బండి మీద గూడు, గూడులో గడ్డి పరుపు, కింద వంట సామాను. నాకు ఇన్నేళ్లూ తెలియని సంగతి, మా ఇంట్లో క్యాంపర్ బండి మూడు తరాల నుంచి ఉంది.

2023 డిసెంబర్ 17, ఆదివారం

ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి బండ్ల వరుసలో నిలబడి వేబ్రిడ్జి ఎక్కించాం. ముందు మొత్తం బండి, తర్వాత ముందు చక్రాలు మాత్రమే, తర్వాత వెనకవి మాత్రమే. ట్యాంకు నిండా నీళ్లు, గ్యాస్, సామాను, మనుషులు అందరితో. ఆర్‌సీలో రాసిన పూర్తి బరువుకు ఇంకా 90 కిలోలు మిగులుంది. సంబరపడేలోపు బాపు అడిగాడు: "బంగారం లెక్క పెట్టినవా?"

పెట్టలేదు. అమ్మ నిలువెత్తు బంగారం మొక్కుకుంది. మేడారంలో బంగారమంటే బెల్లం. అమ్మ బరువు 61 కిలోలు, అంతే బరువు బెల్లం బండిలో రావాలి. మిగిలేది 29 కిలోలు. దారిలో ఎవరైనా చుట్టం ఎక్కితే అయిపోయింది. కాబట్టి నీళ్లు 60 లీటర్లే నింపాలని నిర్ణయించాం. నీరు లీటరుకు కిలో. బ్యాటరీ మార్చినప్పుడు తగ్గిన 40 కిలోలు ఇప్పుడు ఎంత విలువైనవో తెలిసింది.

2024 జనవరి 21, ఆదివారం

నిన్న, ఇవాళ ట్రయల్. రామప్ప చూసుకుని, లక్నవరం దగ్గర రాత్రి ఉండి వచ్చాం.

ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి దండం పెట్టుకోవడానికి దిగినప్పుడు చక్రాల మధ్యలో ఉండే నాలుగు హబ్బులనూ అరచేతి వెనక భాగంతో తాకి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి, ఎడమ వెనకది చెయ్యి పెట్టనీయలేదు. కొత్త షూలు బిగువుగా సర్దారు, డ్రమ్ముకు రాసుకుంటున్నాయి. ములుగులో జాకీ ఎత్తి కొంచెం వదులు చేయించాక సరైంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఆగిన ప్రతిసారీ చేయాలి.

రామప్పలో గైడ్ పాపకు చెబుతున్నాడు, 1213లో కట్టిన గుడి, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక అని. నాకు వెంటనే బండి నెత్తిన ఉన్న పెట్టె గుర్తొచ్చింది. అందులో జాకీ, పనిముట్లు, మడత కుర్చీలు ఉన్నాయి. వంపుల్లో బండి ఊగుతోంది దాని వల్లే. రాత్రి లక్నవరంలో జాకీ, పనిముట్లు దించి ఇరుసుకు దగ్గరగా నేల అరలో పెట్టాను. పైన దుప్పట్లు మాత్రమే. తిరుగు ప్రయాణంలో ఊపు తగ్గిందని అమ్మే చెప్పింది.

2024 ఫిబ్రవరి 22, గురువారం, మేడారం

పస్రా, నార్లాపూర్ మీదుగా మొన్న వచ్చాం. పొలంలో బండి ఆపి, మట్టం చూసి, దిమ్మెలు పెట్టాం. దుమ్ము ఎంతంటే మధ్యాహ్నం సోలార్ 14 ఆంపియర్లు ఇవ్వాల్సింది 9కి పడింది. నిచ్చెనెక్కి తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ 13 దాటింది. రోజుకు రెండుసార్లు తుడవడం పాప పని, కింద నుంచి నీళ్ల మగ్గు అందించడం తమ్ముడి పని. నీళ్లు 60 లీటర్లలో ఇంకా 20 ఉన్నాయి.

సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి గద్దెకు వచ్చింది. గాలిలో తుపాకులు పేలిన చప్పుడు విని అమ్మ బండి మెట్టు మీద నిలబడి రెండు చేతులూ ఎత్తింది. నిన్న బంగారం అప్పజెప్పాం. ఇప్పుడు పడుకుంది. ఫ్యాను తిరుగుతోంది, బ్యాటరీ 71 శాతం.

పక్కన ఎడ్లబండి మీద వచ్చిన ఒక పెద్దాయన బాపుతో మాట్లాడుతున్నాడు. ఇద్దరూ టార్చి పట్టుకుని మా బండి కింద చూస్తున్నారు.

2024 ఫిబ్రవరి 25, ఆదివారం

ఇంటికొచ్చాం. అడుగు భాగం పైపుతో కడిగాను, దుమ్ము గ్రీజుతో కలిస్తే గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఎడమ వెనక హబ్ దారంతా గోరువెచ్చగానే ఉంది. మంచం కింద బెల్లం పలుకులు పడి చీమలు బారు కట్టాయి, వేడి నీళ్లతో తుడిస్తే పోయాయి. ఫ్యాను పక్కన వదిలిన చిన్న మూత విప్పి వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది, ప్లైవుడ్ వాసన తప్ప ఏమీ లేదు.

ట్యాంకు ఖాళీ చేసి మూత తెరిచి ఉంచాను. గ్యాస్ వాల్వు కట్టేశాను. మెయిన్ స్విచ్ తిప్పాను. గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, దిమ్మెలు పెట్టాను. బాపు గ్రీజు గన్ కడిగి, గుడ్డ చుట్టి, డ్రైవర్ సీటు వెనక తగిలించాడు. వచ్చే ఆదివారం పొద్దున బండి తీసి హసన్‌పర్తి దాకా ఒక చుట్టు తిప్పుకు రావాలి.